తాత కాలం మజిల్ లోడర్: దాచుకునే సరుకా, పాత ఇనుమా?

పాకాల_శ్రీకాంత్ | నర్సంపేట

అందరికీ నమస్తే. ఇది నా మొదటి పోస్టు. తప్పు విభాగంలో పెడితే అడ్మిన్ గారు జరపండి.

అడవి పందుల నుంచి మక్క చేను కాపాడుకోవడానికి మా తాతకు లైసెన్సు ఇచ్చిన మజిల్ లోడర్, అంటే మూతి నుంచి మందు దట్టించే తుపాకీ, ఒకటి ఇంట్లో ఉంది. తాత పోయాక బాపు పేరు మీదికి మారింది. రెన్యువల్ నడుస్తోంది. ఎన్నికలు వస్తే స్టేషన్‌లో డిపాజిట్ చేస్తాం, అయిపోయాక తెచ్చి మళ్లీ గుడ్డలో చుట్టి బీరువాలో పెడతాం. అంతకు మించి దానితో మాకు పని పడలేదు.

మొన్న ఒక మధ్యవర్తి వచ్చి చూశాడు. "ఇది కాకతీయుల కాలం నాటి రైఫిల్, హైదరాబాద్‌లో పార్టీ ఉంది, మంచి ధర ఇప్పిస్తా" అన్నాడు. బాపుకు అనుమానం, మా మేనమామకు ఆశ. మామ అయితే ఎమరీ పేపర్ పెట్టి మెరిసేలా రుద్ది, కుందాకు (తుపాకీ చెక్క భాగానికి) వార్నిష్ కొడితే రేటు ఇంకా పెరుగుతుందని సామాను కూడా కొనుక్కొచ్చాడు. నేనే ఆపాను.

ఫోటోలు పెట్టాను. ఘోడా (కొట్టే సుత్తి) పక్కన ఇనుప పలక మీద కిరీటం బొమ్మ, ఇంగ్లీషులో టవర్ అని అక్షరాలు ఉన్నాయి. కుందా మెడ దగ్గర పగిలితే ఎవరో ఇత్తడి తీగ చుట్టారు. నాళం లోపల టార్చి వేసి చూస్తే నున్నగా ఉంది. అసలు దీనికి కలెక్టర్లు, అంటే పాత తుపాకులు సేకరించేవాళ్లు, పట్టించుకునే విలువ ఉందా? ఉంటే దేన్ని బట్టి?

భీమారం_బుల్లెట్ | హన్మకొండ

కాకతీయుల రాజ్యం 1323లోనే పోయింది తమ్మీ. అప్పటికి మన దగ్గర చేతిలో పట్టుకుని పేల్చే తుపాకీ ఊసే లేదు. పైగా ఇంగ్లీషు అక్షరాలు! ప్రతాపరుద్రుడు లండన్‌లో ఆర్డరిచ్చి తెప్పించుకున్నాడేమో అడగకపోయావా ఆయన్ని 😀

కాజీపేట_ఆర్మరర్ | రిటైర్డ్

శ్రీకాంత్, విలువ సంగతి తర్వాత. ముందు అది లోపల మందుతో ఉందో లేదో తేల్చు. జోక్ చేయడం లేదు. పాత మజిల్ లోడర్లు దట్టించి పక్కన పెట్టి, ఆ పెట్టినాయన చనిపోయి, తరం మారిన తర్వాత కూడా అలాగే దొరుకుతాయి. దట్టించిందో లేదో బయటికి ఏమీ తెలియదు.

మూతి ఎవరివైపూ లేకుండా పెట్టు. ఘోడాను ముట్టకు. సన్నని చెక్క పుల్ల ఒకటి మూతిలోంచి ఆగే దాకా మెల్లగా దించు. మూతి దగ్గర పుల్ల మీద పెన్సిల్‌తో గీత పెట్టు. బయటికి తీసి, ఆ గీతను మూతికి సరిపెట్టి నాళం పక్కనే ఆనించి చూడు. పుల్ల కొస టోపీ (ఘోడా కొడితే నిప్పు పుట్టించే చిన్న మూత) పెట్టే నిపిల్ దాకా వస్తే ఖాళీ. నాలుగు వేళ్లు ముందే ఆగితే లోపల ఏదో ఉంది. అప్పుడు పీకడాలు, పొడవడాలు, వేడి చేయడాలు వద్దు. స్టేషన్‌కు ఫోన్ చేసి లైసెన్సు ఉన్న గన్ రిపేరర్‌కు చూపించు.

అది ఖాళీ అని తేలాక కొలతలు పంపు. నాళం పొడవు, మూతి లోపలి వెడల్పు మిల్లీమీటర్లలో. వెర్నియర్ కాలిపర్ ఏ లేత్ షాపులోనైనా ఉంటుంది. తుపాకీని షాపుకు మోసుకుపోకు, కాలిపర్‌నే ఇంటికి తెచ్చుకో. ఇంకా మూడు చూడు: పలక మీద కిరీటం కింద అక్షరాలు ఏమైనా ఉన్నాయా, సంవత్సరం ఉందా, గురి చూసే వెనక పట్టీ పైకి లేచే నిచ్చెన మాదిరిదా, లేక కదలని చిన్న దిమ్మనా.

మీ మామ చేతిలోంచి ఎమరీ పేపర్ మాత్రం ఇప్పుడే లాక్కో.

ఎలగందుల_పాతసామాను | కరీంనగర్

ఎమరీ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. నేను పాత తాళాలు, దీపాలు, నాణేలు కూడబెట్టే మనిషిని. తుపాకులు కొనను, కానీ కలెక్టర్లతో తిరిగినవాణ్ణి. పాత ఇనుము మీద గోధుమ రంగు పొర ఉంటుంది చూశారా, గట్టిగా, నున్నగా, వేలికి అంటకుండా? కలెక్టర్ డబ్బు పెట్టేది ఆ పొరకే. వేలికి ఎర్రగా అంటే తుప్పు వేరు, అది ఇంకా తింటూనే ఉంది, దాన్ని ఆపాలి. మెషిన్ ఆయిల్ రాసి రెండు రోజులు వదిలి మెత్తటి గుడ్డతో తుడిస్తే ఎర్ర పొడి చాలావరకు వస్తుంది, గోధుమ పొర నిలుస్తుంది. ఎమరీ పెడితే రెండూ పోయి, అంచుల మీది ముద్రలు కూడా అరిగిపోతాయి. ఒకసారి పోయిన ముద్ర మళ్లీ రాదు.

కుందాకు వార్నిష్ కూడా అంతే. చేతి చెమట, నూనె పట్టి నల్లబడిన చెక్క దాని వయసుకు సాక్ష్యం. వార్నిష్ కొట్టిన పాత చెక్కను చూస్తే కొనేవాడికి మొదట వచ్చే అనుమానం, దీని కింద ఏం దాచారని.

ఇత్తడి తీగ చుట్టడం మాత్రం నాకు నచ్చింది. పగిలినప్పుడు వాడుకునేవాడు చేసుకున్న రిపేరు అది. అమ్మేవాడు మోసానికి చేసింది కాదు. దాన్ని విప్పకండి.

కవ్వాల్_దారి | నిర్మల్

ఫోటో జూమ్ చేసి చూశాను. నాళం మీద అలలు అలలుగా గీతలు కనపడుతున్నాయి. అది కోనసముద్రం ఉక్కు అయ్యుండొచ్చు! నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు ఇక్కడికి వచ్చేవాళ్లు, డమాస్కస్ కత్తులకు వెళ్లింది మన ముద్ద ఉక్కే. మా నిర్మల్‌లో 18వ శతాబ్దంలో అక్కడి పాలకుడు జఫరుద్దౌలా ఫ్రెంచి నిపుణులను పెట్టుకుని ఫిరంగులు పోయించాడు. కాబట్టి టవర్ అని ఉన్నంత మాత్రాన నాళం ఇంగ్లండ్‌దే అనుకోనక్కర్లేదు. ఇక్కడి నాళానికి అక్కడి లాక్ (ఘోడాను నడిపే యంత్రం) బిగించి ఉండొచ్చు కదా?

కాజీపేట_ఆర్మరర్ | రిటైర్డ్

మంచి ప్రశ్న. కానీ ఇక్కడ రెండు వేర్వేరు పనులు కలిసిపోయాయి.

కోనసముద్రం ఉక్కు మూసలో కరిగించి తీసిన ముద్ద. దాన్ని సాగదీసి కత్తి చేస్తే లోహంలోపలే అల్లిక కనపడుతుంది. తుపాకీ నాళం మీది అలలు ఎక్కువగా వేరే పద్ధతివి. ఇనుప పట్టీలు, ఉక్కు పట్టీలు కలిపి మెలిపెట్టి, చువ్వ చుట్టూ తిప్పుతూ కొలిమిలో అతికిస్తారు. ఆ అతుకుల గీతలే ఆమ్లం తగిలినప్పుడు తేలతాయి. మన దేశంలో మంచి తోడేదార్ (వత్తితో నిప్పంటించే పాత తుపాకీ) నాళాలు ఇలాగే చేశారు. బెల్జియంలో లీజ్ పట్నం వాళ్లు, ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ వాళ్లు ఇలాంటివి లెక్కలేనన్ని చేసి ప్రపంచమంతా అమ్మారు. మామూలు ఇనుప నాళానికి పైపైన ఆమ్లంతో అల్లిక గీసి అమ్మినవీ ఉన్నాయి. నిజం అల్లిక అయితే నాళం అడుగున, కుందా కప్పిన చోట కూడా ఉంటుంది.

శ్రీకాంత్ ఫోటోలో నాకు కనపడింది అల్లిక కాదు. పక్క నుంచి వెలుగు పడి తుప్పు గుంటలు చారలుగా కనిపిస్తున్నాయి.

నిర్మల్‌లో పోసినవి ఫిరంగులు. ఫిరంగి పోత పని, చేతి తుపాకీ నాళం కొలిమి పని. హైదరాబాద్ గన్‌ఫౌండ్రీ కూడా అంతే. 1786లో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ పెట్టించిన ఆ కార్ఖానా పేరు చెప్పి "రేమండ్ తుపాకీ" అని అమ్మేవాళ్లు ఎదురుపడుతుంటారు. రేమండ్ 1798లో పోయాడు, ఆ ఏడాదే అతని ఫ్రెంచి దళాన్ని నిరాయుధం చేశారు. ఆ పేరుతో ఎవరైనా టోపీ తుపాకీ చూపిస్తే దండం పెట్టి వచ్చేయండి. టోపీ పద్ధతి వాడుకలోకి వచ్చింది 1820ల తర్వాతే. 1799లో పోయిన టిప్పు సుల్తాన్ తుపాకీ అని చూపించేవాళ్లకూ ఇదే జవాబు. చకమకి తుపాకీని తర్వాత టోపీకి మార్చి ఉంటే సరే, కానీ అప్పుడు లాక్ పలక మీద పాత స్క్రూల బొక్కలు పూడ్చిన గుర్తులు ఉండాలి.

భీమారం_బుల్లెట్ | హన్మకొండ

కాకా, ఈ లెక్కన మా ఊరి గడీ తుపాకులన్నీ రజాకార్ల కాలం దాకా వచ్చి ఆగిపోయేలా ఉన్నాయి. మా ఊళ్లో ప్రతి తుపాకీకీ ఒక పోరాట కథ ఉంది మరి.

కాజీపేట_ఆర్మరర్ | రిటైర్డ్

కథలు అబద్ధమని నేను అనను. 1946 నుంచి 51 దాకా ఇక్కడ వడిసెల పక్కన భర్మార్లు (ఇవీ మజిల్ లోడర్లే) కూడా ఉన్నాయి, అది చరిత్ర. నేనడిగేది ఒక్కటే, ఈ తుపాకీయే ఆ తుపాకీ అనడానికి కాగితం ఏది? పాత లైసెన్సు పుస్తకం, స్టేషన్ డిపాజిట్ రసీదు, తేదీ తెలిసిన ఫోటో, ఏదో ఒకటి ఉండాలి. ఏదీ లేకపోతే కథను ఇంట్లో పిల్లలకు చెప్పుకోవాలి, ధరలో కలపకూడదు.

పాకాల_శ్రీకాంత్ | నర్సంపేట

ఆర్మరర్ సర్, మీరు చెప్పినట్టే చేశాం. పుల్ల నిపిల్ దాకా వెళ్లింది, ఖాళీయే. బాపు అప్పటిదాకా గదిలోకి ఎవరినీ రానివ్వలేదు.

కొలతలు: మూతి లోపలి వెడల్పు 16.7 మి.మీ. చుట్టూ నాలుగు వైపులా కొలిచాం, దాదాపు అంతే. నాళం పొడవు 36 అంగుళాలు. పలక మీద కిరీటం, దాని కింద వి, ఆర్ అక్షరాలు. టవర్ అన్న మాట పైన 1859. వెనక గురి పట్టీ కదలని చిన్న దిమ్మ. ముందు గురి ఇత్తడి పూస, టంకం పెట్టి అతికించినట్టు ఉంది.

ఇంకో సంగతి. దట్టించే ఇనుప చువ్వ దాని గాడిలో పూర్తిగా దూర్చినా మూతి కంటే మూడు అంగుళాలు బయటికి వస్తోంది. అది వేరే తుపాకీ చువ్వా?

లోపల గాడులు లేవు కాబట్టి అరిగిపోయిందని మామ తేల్చేశాడు.

కాజీపేట_ఆర్మరర్ | రిటైర్డ్

మూతి 16.7 మి.మీ. అని చదవగానే లేచి కూర్చున్నాను. మీ మామకు చెప్పు, అది అరగలేదు. నున్నగానే చేశారు.

1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గురించి అందరూ బడిలో చదివారు, 1857లో కొవ్వు పూసిన తూటాల గొడవ దాని గురించే. ఆ రైఫిల్ నాళం 39 అంగుళాలు, మూతి 0.577 అంగుళం, అంటే 14.7 మి.మీ., లోపల మూడు మెలి గాడులు. ఆ గాడులు ఉంటేనే రైఫిల్ అంటారు. తిరుగుబాటు అణిగాక ఇంగ్లీషువాళ్లకు భయం పట్టుకుంది. మన సిపాయి చేతిలో తమతో సమానంగా దూరం కొట్టే రైఫిల్ ఉండకూడదనుకున్నారు. చూపుకు అదే తుపాకీ, కానీ నాళం లోపల నున్నగా, మూతి 0.656 అంగుళం. దూరం సరిచూసుకునే నిచ్చెన పట్టీ బదులు కదలని దిమ్మ. 1858, 59 నమూనాలు ఇవి. 0.656 అంగుళాన్ని మిల్లీమీటర్లలోకి మార్చి చూడు, 16.7 వస్తుంది. నీ దిమ్మ, నీ తేదీ, నీ మూతి మూడూ ఒకే మాట చెప్తున్నాయి. మధ్యవర్తి చెప్పినట్టు రైఫిల్ మాత్రం కాదు.

కిరీటం కింద వి.ఆర్. ఉండటం కూడా మంచిదే. విక్టోరియా రాణి గుర్తు. బర్మింగ్‌హామ్ వ్యాపారులు బయటి మార్కెట్‌కు చేసిన వాటి మీద కిరీటం ఉంటుంది, టవర్ అని కూడా ఉంటుంది, కానీ సాధారణంగా వి.ఆర్. ఉండదు. సర్కారు బాణం గుర్తు ఎక్కడైనా ఉందేమో చూడు, పలక మీదా, నాళం మీదా.

ఇక చువ్వ. చువ్వ దానిదే, నాళమే పొట్టిది అయింది. 39లోంచి 36 తీసేస్తే మూడు. నీ చువ్వ బయటికి వచ్చేది మూడు. పొలంలో తిప్పడానికి బరువుగా ఉందనో, మూతి దెబ్బతిందనో ఎవరో కోశారు. కోసినప్పుడు అసలు ముందు గురి పోయింది, అందుకే ఇత్తడి పూస పెట్టారు. కుందాను చుట్టిన ఇనుప పట్టీలు మూడు ఉండాలి, నీ ఫోటోలో నాకు రెండే కనపడుతున్నాయి.

పాకాల_శ్రీకాంత్ | నర్సంపేట

రెండే ఉన్నాయి సర్! మూడోది ఉండాల్సిన చోట చెక్క మీద రంగు కొంచెం తేడాగా ఉంది, ఇప్పుడే చూశాను. అయితే విలువ పోయినట్టేనా?

ఎలగందుల_పాతసామాను | కరీంనగర్

పూర్తిగా పోదు, పడిపోతుంది. కలెక్టర్‌కు మొదటి ప్రశ్న వయసు కాదు, "ఈ సామాను అంతా ఒకేసారి పుట్టిందా" అన్నది. పాత సైకిల్‌కు కొత్త ఫ్రేమ్, వేరే సైకిల్ హ్యాండిల్ వేశాక అది ఏ సైకిల్ అని ఎలా చెప్తాం? తుపాకీకీ అంతే. 1859 లాక్, అదే కాలపు నాళం, అదే కుందా కలిసి ఉంటే కోసిన నాళం ఒక లోపంగా మిగులుతుంది. లాక్ ఒకటి, నాళం ఒకటి, కుందా ఒకటి వేర్వేరు చోట్ల నుంచి వచ్చి ఉంటే విడి భాగాల ధరే.

చూడాల్సింది లోపలి వైపు. లాక్ పలక చెక్కలో కూర్చున్న గాడి చూడాలి. ఫ్యాక్టరీ గాడి పలక అంచుకు వెంట్రుక సందు లేకుండా ఉంటుంది. వేరే పలకకు సరిపెట్టి ఉలితో తొలిచి ఉంటే లోపల గరుకు, సందుల్లో లప్పం కనపడతాయి. స్క్రూల తలలు చూడాలి, గాడులు చెదిరిపోయి ఉంటే పదిసార్లు విప్పారన్నమాట. కానీ ఈ పని నువ్వు చేయకు. స్క్రూడ్రైవర్ సరిపోకపోతే ఆ గాడులు నీ చేతిలోనే పాడవుతాయి.

చెక్క సంగతి కూడా. ఈ తుపాకులకు ఇంగ్లండ్‌లో వేసింది వాల్‌నట్. మన దగ్గర చెదలు తిన్నాక వడ్రంగి టేకుతోనో, జిట్రేగితోనో కొత్త కుందా చేసి ఇచ్చేవాడు. ఆ పని ఎంత చక్కగా ఉన్నా, సైనిక తుపాకులు సేకరించేవాడు దాన్ని లోపం కిందే లెక్క వేస్తాడు.

కవ్వాల్_దారి | నిర్మల్

ఇక్కడే నాకు పేచీ ఉంది. ఇంగ్లండ్ ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలా ఉంటేనే విలువా? కోసిన నాళం, ఇత్తడి పూస, తీగ చుట్టిన మెడ, ఇవన్నీ మన నేల మీద ఆ తుపాకీ బతికిన బతుకు. అలాంటి ఎన్‌ఫీల్డ్‌లు లండన్‌లో వందలు దొరుకుతాయి. పాకాల చెరువు కింద మక్క చేను కాపాడిన ఎన్‌ఫీల్డ్ ఇదొక్కటే కదా. మా ఆదిలాబాద్ వైపు ఊరి కమ్మరి చేసిన లైసెన్సు తుపాకులు ఉన్నాయి. వాటి మీద ఏ కంపెనీ ముద్రా ఉండదు, అయినా మ్యూజియంలో పెట్టాల్సింది ముందు అవే అంటాను.

ఎలగందుల_పాతసామాను | కరీంనగర్

మ్యూజియం విలువ, బజారు విలువ రెండూ ఒకటి కావు అన్నా. నువ్వు చెప్పేదాంట్లో న్యాయం ఉంది, కాదనను. కానీ కొనేవాడు ముద్ర చూసి డబ్బు ఇస్తాడు, బతుకు చూసి ఇవ్వడు. ముద్ర లేని ఊరి తుపాకీకి కాగితం కూడా లేకపోతే అది సేకరణ కాదు, కేసు.

కాజీపేట_ఆర్మరర్ | రిటైర్డ్

ఇద్దరి మధ్యలో నా మాట. శ్రీకాంత్ తుపాకీకి నేను పెట్టే విలువలో సగం ఆ లైసెన్సు పుస్తకానిది. 1859లో విలాయత్‌లో తయారై, మన సిపాయి కోసం నున్నగా మారి, ఎప్పుడో సైన్యంలోంచి బయటపడి, నర్సంపేట రైతు చేతికి వచ్చిన తుపాకీ. చివరి భాగానికి రాతపూర్వక ఆధారం ఉన్నవి చాలా తక్కువ. నాళం కోసింది నిజమే, సైనిక తుపాకుల కలెక్టర్ పెదవి విరుస్తాడు. కవ్వాల్ దారి అన్నట్టు, ఈ ప్రాంతపు చరిత్ర సేకరించేవాడికి ఆ కోత కూడా కావాల్సిందే. కాబట్టి చువ్వను కోసి నాళానికి సరిపెట్టవద్దు. అసలు పొడవు ఎంతో చెప్పే సాక్ష్యం అదొక్కటే మిగిలింది.

[ఈ స్థానంలోని పోస్టు తొలగించబడింది]

అడ్మిన్

కొంటాను, అమ్ముతాను, కమిషన్ ఇప్పిస్తాను అన్న పోస్టులు, ఫోన్ నంబర్లు ఇక్కడ ఉండవు. ఇప్పుడు తీసేసిన పోస్టు పెట్టినవారికి ఇదే చివరి హెచ్చరిక. చర్చ కొనసాగించండి.

హన్మకొండ_వకీలు

అడ్మిన్ గారు తీసేయడం మంచిదైంది, ఎందుకంటే అది కేవలం ఫోరం రూలు కాదు. తమ్ముడూ శ్రీకాంత్, మీ మధ్యవర్తి "పార్టీ ఉంది" అన్నాడు కదా. ఆ పార్టీకి లైసెన్సు ఉందా అని ఒక్క ప్రశ్న అడిగి చూడు, మొహం మారుతుంది. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 3 ప్రకారం ఫైర్‌ఆర్మ్ పొందాలన్నా, దగ్గర పెట్టుకోవాలన్నా లైసెన్సు ఉండాలి. ఎంత పాతదైనా పేలే స్థితిలో ఉంటే ఇదే వర్తిస్తుంది. అమ్మకం, బదిలీ ఏదైనా లైసెన్సు ఇచ్చిన అధికారి దృష్టికి వెళ్లి జరగాలి. వరంగల్ కమిషనరేట్ పరిధిలో పోలీస్ కమిషనర్, కమిషనరేట్ లేని జిల్లాల్లో జిల్లా కలెక్టర్.

పురాతన వస్తువు కాబట్టి లైసెన్సు అక్కర్లేదు అని చాలామంది చెప్తుంటారు. సెక్షన్ 45(సి)లో ఒక మినహాయింపు ఉన్న మాట నిజమే. కాలం చెల్లిన నమూనా, పురాతన విలువ ఉన్నది, పాడైపోయినది అని మూడు రకాలు చెప్పి, చివర్లో అసలు షరతు పెట్టారు: రిపేరు చేసినా, చేయకపోయినా ఫైర్‌ఆర్మ్‌గా వాడటానికి పనికిరానిదై ఉండాలి. నిపిల్ ఒక్కటి తీసేసి "ఇది అలంకారం" అంటే ఒప్పుకోరు, కొత్త నిపిల్ పెడితే పేలుతుంది కదా. గోడకు వేలాడదీసుకునే వాళ్లంతా ఈ లైను రెండుసార్లు చదవాలి.

ఎమరీ పేపర్ గురించి పాతసామాను అన్న ధర కోణం చెప్పారు. చట్టం కోణం నేను చెప్తాను. సెక్షన్ 8 ప్రకారం తుపాకీ మీద ఉన్న పేరు, నంబరు, గుర్తింపు ముద్ర చెరిపేయడం, మార్చడం నేరం. రుద్దితే పోయింది అన్నది జవాబు కాదు. మీ లైసెన్సులో రాసిన వివరాలకు, తుపాకీ మీద ఉన్నదానికి తేడా వస్తే రెన్యువల్ దగ్గర ఇరుక్కుంటారు.

లైసెన్సుదారు చనిపోతే ఆ తుపాకీ ఇంట్లోనే పెట్టుకుని కూర్చోకూడదు. సెక్షన్ 21 కింద స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి, వారసులు దరఖాస్తు పెట్టుకోవాలి. మీరు మార్పించుకున్నారు కాబట్టి టెన్షన్ లేదు. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండే ఫైర్‌ఆర్మ్స్, వారసత్వంగా వచ్చినవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. కాబట్టి మన దగ్గర "తుపాకుల కలెక్టర్" అని చెప్పుకునే మామూలు మనిషికి గది నిండా సేకరణ ఎలా ఉందో ముందు అడగండి.

విదేశాలకు పంపిస్తే డాలర్లు వస్తాయని ఎవరైనా అంటే అసలే వినకండి. వంద ఏళ్లు దాటిన వస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. ప్రైవేటు వ్యక్తి దేశం దాటించడం జైలు పని.

పాకాల_శ్రీకాంత్ | నర్సంపేట

థాంక్స్ అక్కా. ఒక డౌటు. పంట కాపలాకు ఇచ్చిన లైసెన్సు కదా, మేమిప్పుడు మక్క వేయడం లేదు, పత్తి వేస్తున్నాం. ఇబ్బంది ఉంటుందా?

హన్మకొండ_వకీలు

మజిల్ లోడర్‌ను నిజమైన పంట రక్షణకు ఇవ్వడం గురించి సెక్షన్ 13లోనే ఉంది. పంట ఏదన్నది కాదు ప్రశ్న, భూమి, సాగు ఉన్నాయా అన్నది. పట్టాదారు పాసుపుస్తకం జిరాక్స్ దగ్గర పెట్టుకో. ఒక్కటి గుర్తుంచుకో, పంట కాపలా లైసెన్సు వేట లైసెన్సు కాదు. అడవి జంతువును చంపితే వన్యప్రాణి చట్టం వేరే ఉంది.

డాలస్_ఓరుగల్లు | టెక్సస్

అందరికీ నమస్తే, మాది శివనగర్, ఇప్పుడు డాలస్. నెట్‌లో అమెరికా ధరలు చూసి ఇక్కడివాళ్లు లెక్కలు వేసుకోవద్దని చెప్పడానికి వచ్చాను. ఇక్కడి ఫెడరల్ చట్టంలో 1898 లేదా అంతకు ముందు తయారైనది యాంటిక్. ఆ రకం మజిల్ లోడర్ల కొత్త కాపీలు కూడా చాలావరకు ఆ కిందికే వస్తాయి, రాష్ట్రాల రూల్స్ మళ్లీ వేరు. అందుకే ఇక్కడ సెకండ్ హ్యాండ్ మజిల్ లోడర్ మామూలు సరుకు.

ఇక్కడ ఏది కలెక్టబుల్ అంటే, చాలామంది అడిగేది థాంప్సన్ సెంటర్ హాకెన్ గురించి. 1970లో మొదలుపెట్టి లెక్కలేనన్ని చేశారు. పేరు మాత్రం సెయింట్ లూయిస్‌లో జేకబ్, శామ్యూల్ హాకెన్ అన్నదమ్ములు చేసిన పాత పర్వత రైఫిళ్లది. అసలు హాకెన్‌లు ఎక్కువగా బరువైన ఎనిమిది పలకల నాళం, ఇనుప సామాను. థాంప్సన్ వాళ్లది తళతళలాడే ఇత్తడి. అన్నదమ్ముల చేతి పని రైఫిల్ దొరికితే అది పెద్ద వేలం సంగతి. థాంప్సన్ హాకెన్ అయితే వాడుకునే తుపాకీ, కొన్ని వందల డాలర్ల మాట. అదే కంపెనీ చిన్న మూతితో చేసిన సెనెకా, చెరోకీ మోడళ్లు తక్కువ కాబట్టి వాటి వెంట పడతారు. డబ్బా, కాగితాలతో, ఒక్కసారీ పేల్చకుండా ఉంటే ఇంకా గిరాకీ. 1985లో నైట్ ఎంకే-85 వచ్చాక మొదలైన ఇన్‌లైన్ (నిప్పు నాళం వెనక నుంచి నేరుగా అందే) రకాలకు ఆ తొలివాటిని తప్పిస్తే పెద్దగా మోజు లేదు.

కొనేవాళ్లు ముందు చూసేది నాళం లోపల. నాటు మందు కాలాక మిగిలే మసి గాలిలో తేమను లాగుతుంది. కడగకుండా ఒక వానాకాలం వదిలేస్తే అడుగున గుంటలు పడతాయి. పైన ఎంత మెరిసినా లోపల గుంటలుంటే పక్కన పెట్టేస్తారు.

ఇటలీ కాపీల సంగతి ఒకటి. వాటి మీద 1975 నుంచి తయారీ సంవత్సరానికి రెండు అక్షరాల కోడ్ కొడతారు, ఆ ఏడాదిది ఏఏ, తర్వాతది ఏబీ. "బ్లాక్ పౌడర్ ఓన్లీ" (నాటు మందు మాత్రమే) అని ఉంటే కూడా అది మన కాలపు సరుకే. పాత తుపాకీ మీద అలాంటి హెచ్చరిక ఎవరు రాస్తారు, అప్పుడు వేరే పౌడరే లేదాయె.

ఎలగందుల_పాతసామాను | కరీంనగర్

మన దగ్గరి కాపీలు కూడా చెప్పాలి. రాజస్థాన్ నుంచి అలంకారానికి వచ్చే తోడేదార్లు, మన దేశంలోనే చేసి విదేశాల్లో చారిత్రక ప్రదర్శనలు ఆడేవాళ్లకు పంపే మస్కెట్లు. నిప్పు అంటుకునే రంధ్రం తొలవకుండా పంపే రకం అవి. ఆమ్లంలో ముంచి, మట్టిలో పాతి, తుప్పు పట్టించి "గడీలో దొరికింది" అని తెస్తారు. పట్టుకునే పద్ధతి ఏమిటంటే, నిజంగా వాడిన తుపాకీ సమానంగా అరగదు. చేయి పట్టే చోట, భుజానికి ఆనే చోట, ఘోడా బొటనవేలు తగిలే చోట అరుగుతుంది. స్క్రూ గాడుల లోపల, పట్టీల కింద కొత్తగానే ఉంటుంది. అంతటా ఒకే రకంగా తుప్పు, అరుగుదల ఉంటే నేను చేతిలోకి కూడా తీసుకోను. అక్షరాలు పోత పోసినట్టు గుండ్రటి అంచులతో ఉన్నా అంతే, అచ్చు గుద్దిన అక్షరం అంచు పదునుగా దిగుతుంది.

నిజమైనవి ఎలా ఉంటాయో చూసి కన్ను అలవాటు చేసుకోవాలంటే సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గది ముందు ఒక మధ్యాహ్నం నిలబడండి. టికెట్ ఖర్చే.

భీమారం_బుల్లెట్ | హన్మకొండ

అన్నీ సరే, ఎవరూ అంకె చెప్పరేం? మా శ్రీకాంత్ మామ పాపం వార్నిష్ డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

కాజీపేట_ఆర్మరర్ | రిటైర్డ్

ఫోటో చూసి అంకె చెప్పేవాడు కొనేవాడో, కొనేవాడి మనిషో అయ్యుంటాడు. నేను రెండూ కాదు. మన దగ్గర లైసెన్సు ఉన్నవాడే కొనాలి, వాడికి రెండే ఉండాలి, ఆ రెండింట్లో ఒకటి పాత మజిల్ లోడర్‌కు కేటాయించేవాళ్లు ఎంతమంది? బజారే చిన్నది. మంచి సరుకు కూడా ఇక్కడ అమెరికా ధర పలకదు.

శ్రీకాంత్, నా సలహా: లైసెన్సు పుస్తకంలో పాత పేజీలన్నీ, డిపాజిట్ రసీదులన్నీ స్కాన్ చెయ్. ముద్రల దగ్గరి ఫోటోలు పక్క వెలుగులో తీసిపెట్టు. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నూనె గుడ్డ. చుట్టి పెట్టిన ఆ గుడ్డ మార్చు, నూలు గుడ్డ తేమ పట్టి ఇనుమును తింటుంది. అమ్మే తొందర లేకపోతే అమ్మకు.

పాకాల_శ్రీకాంత్ | నర్సంపేట

బాణం గుర్తు దొరికింది సర్! పలక మీద, ఘోడా కింద, చాలా చిన్నగా. నూనె రాసి తుడిచాకే కనపడింది. నాళం మీద ఎడమవైపు కూడా ఏవో చిన్న ముద్రలు ఉన్నాయి, ఫోటో రేపు పగటి వెలుగులో తీసి పెడతా.

తాత మొదటి లైసెన్సు పుస్తకం కూడా దొరికింది. సగం ఉర్దూలో ఉంది. అందులో తుపాకీ నాళం పొడవు రాసి ఉందని మా పక్కింటి ఖాజా చాచా చదివి చెప్పారు: 36 అంగుళాలే. అంటే తాత కొనేసరికే కోసి ఉంది.

మధ్యవర్తి మళ్లీ ఫోన్ చేశాడు. వి.ఆర్. అని ఉందన్నా, 1859 అని చెప్పా. "అవునవును, నిజాం కాలమే అన్నాను కదా" అన్నాడు. మీకు లైసెన్సు ఉందా అని అడిగితే లైన్ కట్ అయింది. మామ వార్నిష్‌ను ఇంటి తలుపులకు వాడేశాడు.

కాజీపేట_ఆర్మరర్ | రిటైర్డ్

ఉర్దూ పేజీల ఫోటో కూడా పెట్టు. పేరు, అడ్రసు, నంబరు కనపడకుండా కాగితం అడ్డం పెట్టి తియ్. నాళం ముద్రల్లో ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టిన రెండు రాజదండాల గుర్తు ఉందేమో చూడు.

మంథని_సుజాత

కొత్త సభ్యురాలిని. ఈ చర్చ మొత్తం చదివాను. మా అత్తగారింట్లో మజిల్ లోడర్ ఒకటి స్టేషన్ డిపాజిట్‌లో ఉంది, మామయ్య పోయాక ఎవరూ విడిపించలేదు. దాని ఫోటో నా ఫోన్‌లో ఉంది. నాళం మీద గుడ్డు ఆకారంలో గీత, అందులో ఈఎల్‌జీ అక్షరాలు, కింద నక్షత్రం. పైన కిరీటం లేదు. ఇదీ ఇంగ్లండ్‌దేనా అండి?

కాజీపేట_ఆర్మరర్ | రిటైర్డ్

కాదమ్మా, అది బెల్జియం. లీజ్ పట్నంలో నాళం గట్టిదని పరీక్ష చేసి వేసిన ముద్ర. కిరీటం 1893లో కలిపారు, కాబట్టి మీది అంతకు ముందుది. డిపాజిట్ రసీదు ఎవరి దగ్గర ఉందో ముందు వెతకండి, వారసుల దరఖాస్తు గురించి వకీలు మేడమ్‌ను అడగండి. తుపాకీ వివరాలకు వేరే టాపిక్ తెరవండి, ఇందులో కలిస్తే రెండూ తికమక అవుతాయి. లాక్ పలక ఫోటో కూడా ఉంటే పెట్టండి.